‘నీళ్ల ప్రాబ్లమ్ లేదండీ’ అంటే ఏ నీళ్లు?

ఇల్లు చూడటానికి వెళ్లిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒకటుంది: ‘నీళ్ల ప్రాబ్లమ్ ఏమైనా ఉందా అండీ?’ దానికి వచ్చే జవాబు కూడా ఎప్పుడూ ఒకటే: ‘అస్సలు లేదండీ, ఇరవై నాలుగ్గంటలూ వస్తాయి.’ చెప్పేవాళ్లంతా అబద్ధం ఆడతారని కాదు. వాళ్ల లెక్కలో అది నిజమే కావచ్చు. చిక్కు ప్రశ్నలోనే ఉంది. ఇంటికి నీళ్లతో వచ్చే కష్టం ఒకటి కాదు, నాలుగు. నీళ్లు చాలకపోవడం ఒకటి. వచ్చే నీళ్లు మంచివి కాకపోవడం ఇంకొకటి. వద్దన్నా ఇంట్లోకి వచ్చేయడం, అంటే మునక, మూడోది. గోడలోకీ స్లాబులోకీ దిగి అక్కడే తిష్ఠ వేయడం నాలుగోది. ఒక ఇంటికి వీటిలో ఒకటి లేకపోతే మిగతావీ లేవని అర్థం కాదు.

పైగా ఇవన్నీ ఒకే కాలంలో కనిపించవు. కొరత ఏప్రిల్, మే నెలల్లో బయటపడుతుంది. మునక ఆగస్టు నుంచి అక్టోబరు లోపు. చెమ్మ వానలు ముదిరాకే. మనమేమో దసరా వెళ్లాక, సంక్రాంతికి అటూ ఇటూ, చల్లటి వేళ తీరిగ్గా ఇళ్లు చూస్తాం. అప్పుడు బోరు బాగా పోస్తుంటుంది, గోడలు ఆరి ఉంటాయి, వీధి పొడిగా ఉంటుంది. అంటే మనం చూస్తున్నది ఆ ఇంటి మంచి కాలాన్ని. చెడ్డ కాలం వదిలిపోయిన ఆనవాళ్లను మనమే వెతుక్కోవాలి. నాకు బాగా తెలిసింది హైదరాబాద్ కాబట్టి ఎక్కువగా అక్కడి సంగతులే చెబుతాను.

మా అక్కా బావా కొన్నేళ్ల కిందట ఒక రీసేల్ ఫ్లాట్ చూశారు. 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, జనవరి నెల. నన్నూ రమ్మన్నారు. కొళాయి తిప్పితే నీళ్లు ధారగా వస్తున్నాయి. అమ్మే ఆయన మర్యాదస్తుడు, కాఫీ ఇచ్చారు. కిందికి దిగి వస్తుంటే గేటు దగ్గర వాచ్‌మన్ టేబుల్ మీద ఒక లాంగ్ నోట్‌బుక్ కనిపించింది, బండ్లు వచ్చిపోయే లెక్క. ‘అన్నా, ఒకసారి చూడొచ్చా’ అని అడిగి వెనక్కి తిప్పాను. నిరుడు మే నెల పేజీల్లో నీలం ఇంకుతో వరసగా ఒకటే మాట: ట్యాంకర్, ట్యాంకర్, ట్యాంకర్. పొద్దున ఐదున్నరకు ఒకటి, ఏడుకు ఒకటి, మధ్యాహ్నం రెండు, రాత్రి పదకొండుకు ఒకటి. ఒక పేజీలో తేదీ మారకుండా ఆరు ఎంట్రీలు ఉన్నాయి. అమ్మే ఆయన చెప్పిన నెలవారీ మెయింటెనెన్స్‌లో ఈ ఖర్చు లేదు. వేసవిలో ట్యాంకర్ బిల్లును ఫ్లాట్లకు పంచి విడిగా వసూలు చేస్తారట. జనవరిలో ఆ సంగతి ఎందుకు గుర్తొస్తుంది ఎవరికైనా!

ఆ రోజు నుంచి నేను ఎవరికైనా చెప్పే మొదటి మాట ఇదే: కొళాయి తిప్పి చూడటం పరీక్ష కాదు. ఓవర్‌హెడ్ ట్యాంక్ నిండి ఉంటే ఏ ఇంట్లోనైనా ధార వస్తుంది. ట్యాంకులోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడాలి.

ఆ లెక్క కష్టమేమీ కాదు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అని ప్రభుత్వ ప్రమాణం. ఇంటికి నలుగురు అనుకుంటే 540 లీటర్లు. 60 ఫ్లాట్లకు 32,400, నెలకు దాదాపు 9 లక్షల 70 వేల లీటర్లు. ఇప్పుడు ఆ అపార్ట్‌మెంట్‌కు జలమండలి, అంటే నగరానికి నల్లా నీళ్లిచ్చే బోర్డు, వేసిన బిల్లు అడిగి చూడండి. బిల్లు మీద క్యాన్ నంబర్, అంటే ఆ కనెక్షన్ ఖాతా నంబర్, ఉంటుంది, మీటర్ పనిచేస్తుంటే నెలకు ఎన్ని కిలోలీటర్లు వచ్చాయో ఉంటుంది. 300 కిలోలీటర్లు, అంటే 3 లక్షల లీటర్లు, అని ఉందనుకోండి, కావలసిన దానిలో మూడో వంతు కూడా రాలేదన్నమాట. మిగతాది బోరు ఇవ్వాలి, లేదా ట్యాంకర్ తేవాలి. 5 వేల లీటర్ల ట్యాంకరైతే రోజుకు నాలుగు దాటుతాయి. ఒక్క నెల బిల్లు కాదు, ఏడాది బిల్లులు అడగండి. నల్లా నీళ్లు ఎంత వస్తున్నాయన్నది తెలియాలంటే అంతకంటే గట్టి కాగితం లేదు. జీహెచ్ఎంసీ పరిధిలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితం అనే పథకం 2020 చివర్లో వచ్చింది కదా, ఇంకేం భయం అంటారు కొందరు. పథకం మాఫీ చేసేది బిల్లును. పైపులో ఎన్ని నీళ్లు వస్తాయన్నది వేరే విషయం.

నల్లా నీళ్లను మనవాళ్లు ఇప్పటికీ ‘మంజీరా’ అనే అంటారు. కానీ ఇవాళ నగరం తాగే నీళ్లలో చాలా భాగం కృష్ణా, గోదావరులవి. ఒకటి నాగార్జునసాగర్ వైపు నుంచి, ఇంకొకటి ఎల్లంపల్లి నుంచి, వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో, పంపులు తోస్తే ఎత్తెక్కి వస్తాయి. దారిలో ఎక్కడ రిపేర్ వచ్చినా ఒకటి రెండు రోజులు సరఫరా ఆగుతుంది. అందుకే సంపు ఎంత పెద్దదో చూడటం ముఖ్యం. పొడవు, వెడల్పు, లోతు మీటర్లలో గుణించి వెయ్యితో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. ఐదు మీటర్ల పొడవు, నాలుగు వెడల్పు, రెండున్నర లోతు అంటే 50 వేల లీటర్లు. పైన చెప్పిన అపార్ట్‌మెంట్‌కు అది ఒకటిన్నర రోజు.

ఇక బోరు. దీని గురించి జనంలో ఉన్నంత పొరపాటు అభిప్రాయం మరి దేని గురించీ లేదు. ‘మాది 1,200 అడుగుల బోరండీ’ అని గొప్పగా చెబుతారు. నాకైతే ఆ మాట వింటే టెన్షన్ మొదలవుతుంది. హైదరాబాద్ గ్రానైట్ రాయి మీద కూర్చున్న ఊరు. పైన మట్టీ, మొరం, కుళ్లిన రాయీ ఉన్న పొర ఒకటుంది. వాన నీళ్లు స్పంజిలో లాగా నిలిచేది అందులోనే. దాని కింద గట్టి రాయి. ఆ రాయిలో నీళ్లు ఉండవు, ఉంటే గింటే చీలికల్లో ఉంటాయి. లోతుకు పోయేకొద్దీ చీలికలు తగ్గుతాయి. అందుకే పక్కపక్క ప్లాట్లలో ఒకరికి రెండు ఇంచుల నీళ్లు పడితే ఇంకొకరికి దుమ్ము లేస్తుంది. మరి 1,200 అడుగులకు ఎందుకు పోయారు? 300 దగ్గర పడిన నీళ్లు ఎండిపోయాయి కాబట్టి. ఎన్ని అడుగులు అన్నది కాకుండా ఎన్నో బోరు అని అడగండి. ‘ఇది మూడోదండీ’ అంటే మొదటి రెండూ ఏ సంవత్సరం ఎండాయో కూడా అడగండి. ఆ రెండు సంవత్సరాల మధ్య దూరమే ఈ మూడో బోరు ఆయుష్షుకు ఒక అంచనా.

బోరును కళ్లారా చూసే పద్ధతి కూడా ఉంది. మోటార్ వేయించి, పైపు సంపులో పడే చోట 15 లీటర్ల బకెట్ పట్టండి. 15 సెకన్లలో నిండితే గంటకు 3,600 లీటర్లు. బాగానే ఉంది. కానీ అక్కడితో ఆగి వచ్చేయొద్దు. గంట ఆగి మళ్లీ పట్టండి. రెండోసారి బకెట్ నిండటానికి 40 సెకన్లు పడితే, మొదట వచ్చింది రాత్రంతా ఊరిన నీళ్లు, ఇప్పుడు వస్తున్నది బోరు అసలు సత్తా. స్టార్టర్ దగ్గర టైమర్ ఉంటే దాని సెట్టింగ్ చూడండి. అరగంట నడిచి రెండు గంటలు ఆగేలా పెట్టారంటే బోరు పరిస్థితి వాళ్లకు తెలుసన్నమాట.

పల్లం, మెరక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ నాలుగు కష్టాలనూ కలిపే ముడి అది. గుట్ట మీద, బండరాళ్ల మధ్య కట్టిన ఇల్లు మునగదు. కానీ అక్కడ కుళ్లిన రాయి పొర పలచగా ఉంటుంది, పడిన వాన కిందికి జారిపోతుంది, బోరు త్వరగా ఎండుతుంది. చెరువు కింద ఉన్న కాలనీలో మే నెలలోనూ బోరు పోస్తుంది. ‘మా దగ్గర నీళ్లకు కొదవే లేదు’ అన్న మాట అక్కడ నూటికి నూరు పాళ్లు నిజం. సెల్లార్‌లో ఊట, గోడలకు చెమ్మ, అక్టోబరులో మునక కూడా అక్కడే నిజం. నీరు పల్లమెరుగు అని ఊరికే అనలేదు పెద్దలు. కాబట్టి బోరు నీళ్లు పుష్కలం అని ఎవరైనా అంటే, వెంటనే ‘దగ్గర్లో చెరువు ఎక్కడుంది?’ అని అడగాలి.

హైదరాబాద్ చెరువులు విడివిడిగా తవ్వినవి కావు, గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు పోతుంది. మధ్యలో ఉన్న నేల ఏడాదిలో పదకొండు నెలలు పొడిగా ఉండొచ్చు, కానీ అది నీళ్ల దారి. 2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత పడినప్పుడు, ఆ తర్వాతి రోజుల్లో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగినప్పుడు, నీళ్లు కొత్త దారి ఏదీ వెతుక్కోలేదు. పాత దారినే పోయాయి. ఆ దారిలో ఇళ్లున్నాయి. విజయవాడలో 2024 సెప్టెంబరు 1న జరిగింది మరో రకం. బుడమేరు వాగు వరదను వెలగలేరు నుంచి కృష్ణలోకి మళ్లించే కాలువ ఒకటుంది. ఆ వారం కృష్ణే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది. బుడమేరు నీళ్లు అందులోకి సరిగా దిగక, గట్లకు గండ్లు పడి సింగ్‌నగర్ మీదికి వచ్చి రోజుల తరబడి నిలిచాయి. సింగ్‌నగర్‌లో ఇల్లు కొన్నవాళ్లలో ఎంతమంది ఎక్కడో ఉన్న వెలగలేరు గురించి విచారించి ఉంటారు? ఇంటి ముందు రోడ్డు చూస్తే సరిపోదు, పైనున్న వాగు ఎటు పోతుందో చూడాలి.

చూడటానికి దారులున్నాయి. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి పాత సంవత్సరాల చిత్రాలకు వెళ్లండి. మే నెల చిత్రంలో కంకర మైదానం లాగా ఉన్నది అక్టోబరు, నవంబరు చిత్రంలో పచ్చగానో, నీళ్లు నిలిచో కనిపిస్తుంది. హెచ్ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో ఒక్కో చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాపు ఉంటుంది. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండా ఉన్నప్పుడు నీళ్లు ఎక్కడి దాకా వస్తాయో ఆ గీత. ఆ గీత లోపల కట్టకూడదు. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు బఫర్ వదలాలి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ గీతల విలువ అందరికీ తెలిసొచ్చింది. కానీ నేను దీన్ని కూల్చివేత భయంతో చెప్పడం లేదు. అన్ని పర్మిషన్లూ ఉన్నా, ఆ గీత లోపల ఉన్న ఇంటికి నీళ్లు వస్తాయి. పర్మిషన్ కాగితం చూసి వరద ఆగదు. పాత పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, సర్వే నంబరుకు ఎదురుగా ‘శిఖం’ (చెరువు నేల) అని ఉందేమో కూడా చూడండి. ఇవేవీ కుదరకపోతే ఊరి పేరు, వీధి పేరు వినండి. కుంట, చెరువు, కట్ట, తలాబ్ అని ఎక్కడ వినిపించినా ఇంకో నాలుగు ప్రశ్నలు అడగండి.

అపార్ట్‌మెంట్‌లో అయితే సెల్లార్‌కు దిగండి. గోడల మీద ఒకే ఎత్తులో అడ్డంగా మట్టి గీత ఉందా? మూలన నీళ్లు తోడే చిన్న పంపు పెట్టి ఉంచారా? లిఫ్ట్ మెకానిక్ వచ్చినప్పుడు లిఫ్ట్ కింది గుంతలో నీళ్లు ఉంటున్నాయా అని అడగండి. కరెంట్ మీటర్ బోర్డు నేలకు ఎంత ఎత్తులో ఉంది? దాన్ని ఒకసారి కిందినుంచి పైకి మార్చిన గుర్తులు గోడ మీద ఉంటే ఎందుకు మార్చారో అడగండి. గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లయితే ఇంకోటి: పెద్ద వాన పడినప్పుడు డ్రైనేజీ వెనక్కి తన్ని టాయిలెట్‌లోంచి పైకి వస్తుందా? ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడతాం. ఒక్కసారి వచ్చిందంటే ఆ ఇంట్లో అన్నం తినబుద్ధి కాదు, అందుకే మొహమాటం వదిలి అడగమంటున్నాను.

నీళ్లు మంచివా కావా అన్నది నిజానికి వీటన్నిటికంటే సులువైన ప్రశ్న, డబ్బు పెడితే ల్యాబ్ చెబుతుంది. కానీ చాలామంది టీడీఎస్ మీటర్ ముంచి, 600 వచ్చింది, 900 వచ్చింది అని తేల్చేస్తారు. ఆ మీటర్ నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎంతో చెబుతుంది, అవి ఏమిటో చెప్పదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. ఫ్లోరైడ్‌కు మాత్రం 1, గట్టిగా అంటే 1.5. నైట్రేట్‌కు 45, అందులో సడలింపే లేదు. టీడీఎస్ 400 చూపించే తియ్యటి నీళ్లలో ఫ్లోరైడ్ 3 ఉండొచ్చు, నాలుకకు తెలియదు. ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని వైద్యులు మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్లగొండ కథ అందరికీ తెలిసిందే. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్, నైట్రేట్ పోవు, నీళ్లు ఆవిరైన మేరకు ఇంకా చిక్కబడతాయి. నైట్రేట్ ఎక్కువగా ఉంటే, ఊళ్లో అయితే ఎరువులు, నగరంలో అయితే సెప్టిక్ ట్యాంకో మురుగు కాల్వో బోరుకు దగ్గరగా ఉందేమో అనుమానించాలి. క్రిముల పరీక్షకు సీసా ల్యాబ్‌వాళ్ల దగ్గరే తీసుకుని అదే రోజు ఇచ్చేయండి, పాత కూల్‌డ్రింక్ సీసాలో పట్టుకెళ్తే ఆ ఫలితానికి విలువ లేదు. శాంపిల్ బోరు దగ్గర పట్టండి, వంటింట్లో ఆర్వో కింద కాదు.

చెమ్మ గురించి కాస్త నిలబడి చెప్పాలి. ఇంట్లో మనం ఏళ్ల తరబడి కలిసి బతికేది దానితోనే. నేల నుంచి ఎక్కే చెమ్మ వేరు, పైనుంచి దిగేది వేరు, పక్కనుంచి వచ్చేది వేరు. మూడింటి మందూ ఒకటి కాదు. గ్రౌండ్ ఫ్లోర్ గోడకు అడుగున రెండు మూడడుగుల ఎత్తు దాకా రంగు ఉబ్బి, గోకితే తెల్లటి ఉప్పు పొడిలా రాలితే అది నేల చెమ్మ. పునాది మీద చెమ్మను ఆపే పొర సరిగ్గా వేయలేదు. పైపై పెయింట్‌తో పోదు, మళ్లీ వస్తుంది. సీలింగ్ మీద టీ మరకలా గోధుమ రంగు వలయం ఉంటే పైన బాత్‌రూమో టెర్రసో కారుతోంది. పెచ్చులూడి ఇనుప చువ్వ కనిపిస్తుంటే నీళ్లు తుప్పు దాకా చేరాయి, అక్కడ ఇంజనీర్‌ను తీసుకురావాలి. కిటికీ కింది మూలల్లో మాత్రమే మరకలుంటే వాన జల్లు పక్కనుంచి లోపలికి వస్తోంది, అది మూడింటిలో తేలికైనది.

కొత్తగా రంగేసిన ఇంట్లో ఇవి కనిపించవు కదా అంటారు. ఇల్లంతా రంగేస్తే అది అలవాటు. ఒక్క గోడకే, లేదా గోడలో సగానికే రంగేసి ఉంటే అది కారణం. బయటి గోడకు ఆనించి ఉన్న అల్మారా తలుపు తీసి ముక్కు పెట్టి చూడండి. రంగు వాసనను దాటుకుని ముక్కిన బట్టల వాసన వస్తుంది. ఫాల్స్ సీలింగ్ ఉంటే లైటు ఒకటి ఊడదీసి ఫోన్ టార్చ్ వేసి లోపలి స్లాబు చూడండి. అన్నిటికంటే ముఖ్యం: కింది ఫ్లాటువాళ్ల తలుపు తట్టండి. మీరు కొనబోయే బాత్‌రూమ్ కారుతుంటే మరక మీ ఇంట్లో ఉండదు, వాళ్ల సీలింగ్ మీద ఉంటుంది. కొన్నాక మొదటి ఫోన్ వాళ్ల నుంచే వస్తుంది, తవ్వాల్సింది మీ టైల్స్, ఖర్చు మీది. ఒప్పుకుంటే బాత్‌రూమ్ జాలీకి గుడ్డ కుక్కి నీళ్లు కట్టి ఒక రోజు ఉంచి, మర్నాడు కింద చూడండి. పై అంతస్తు ఫ్లాటయితే టెర్రస్ మీద రెండు బకెట్లు పారబోయండి. నీళ్లు గొట్టం వైపు పోవాలి. మధ్యలో మడుగు కడితే స్లాబు వాలు తప్పింది.

చట్టంలో కొనేవాళ్లకు కొంత ఆసరా ఉంది. కొత్త ప్రాజెక్టులో అయితే 2016 రెరా చట్టం ప్రకారం అప్పగించిన ఐదేళ్ల లోపు కట్టడంలో, పనితనంలో లోపం బయటపడితే బిల్డర్ తన ఖర్చుతో సరిచేయాలి. రీసేల్‌లో, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని పెద్ద లోపం తనకు తెలిస్తే అమ్మేవారు చెప్పి తీరాలని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటుంది. కానీ ‘వాళ్లకు తెలుసు’ అని రుజువు చేయడం మన వల్ల కాదు. అందుకే సేల్ అగ్రిమెంట్‌లోనే రాయించుకోవడం మేలు: నిరుటి వేసవిలో ట్యాంకర్ ఖర్చు ఇంత, నల్లా కనెక్షన్ క్యాన్ నంబర్ ఇది, బాకీ లేదు, 2020లో సెల్లార్‌లోకి నీళ్లు వచ్చాయి లేదా రాలేదు. రాయడానికి వెనకాడితే అదీ ఒక జవాబే.

అక్కావాళ్లు ఆ మొదటి ఫ్లాట్ వదిలేశారు. రెండోది ఆగస్టులో చూశారు, అదీ కావాలని వాన కురుస్తున్న సాయంత్రం. బండి వీధి మలుపు దగ్గర ఆపి నడిచి వెళ్లాం, అక్కడ చక్రం సగం మునిగేంత నీళ్లున్నాయి. అపార్ట్‌మెంట్ గేటు ముందు మాత్రం లేవు. గేటు పక్కన ఇస్త్రీ బండి అతను టార్పాలిన్ కింద బట్టలు సర్దుకుంటున్నాడు. ఇక్కడే పదిహేనేళ్లుగా ఉంటున్నానన్నాడు. ‘2020లో నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయన్నా?’ అని బావ అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వంగి, ప్రహరీ గోడ మీద ఇటుక వరసలు లెక్కపెట్టి, ఐదో వరస మీద వేలు పెట్టాడు. ‘ఇక్కడిదాకా సార్. మూడు రోజులుంది.’ బావ ఆ వరస దగ్గర ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు. తర్వాత సెల్లార్‌లోకి దిగి, జేబులోంచి టేపు తీసి, మీటర్ బోర్డు ఎంత ఎత్తులో ఉందో కొలవడం మొదలుపెట్టాడు.